అరకు కార్లు

నిద్ర పట్టక ఇది రాస్తున్నా. పొద్దున ఆ కారబ్బాయి అద్దం దించి "చూసుకుని దాటాలి కదా ఆంటీ" అన్నాడు. అప్పటికి అత్తయ్య చేయి పట్టుకుని రోడ్డు మధ్యలో ఉన్నాను. మేం చూసుకునే దిగాం, చూసుకోనిది అతనే. నా కోపం ఆంటీ అన్నందుకు కాదు. సరే, కొంచెం అందుకు కూడా.

కార్తీకం వస్తే మా ఎస్.కోటలో, అదే శృంగవరపుకోటలో, ఆదివారాలు ఇంతే. వైజాగ్ నుంచి అరకు, బొర్రా వెళ్లే కార్లు మా ఊరి మీదుగానే కొండెక్కాలి. ఆ ఆత్రంలో మధ్యలో ఒక ఊరుందని కూడా చూడరు. "ఓలమ్మ, ఈలెల్లేసరికి అరకు పారిపోతాదేటి?" అంది అత్తయ్య. గుడిలో దీపాలు పెట్టుకుని వచ్చాం, బాగానే జరిగింది.

చిన్నదాని పుట్టెంట్రుకలకి తిరుమల వెళ్లింది గుర్తొచ్చింది. అక్కడ ఘాట్ రోడ్డు మొదట్లోనే చీటీ మీద టైం వేసిస్తారు. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40. అంతకంటే ముందే అవతల గేటుకి చేరితే జరిమానా. దిగడానికి 1944 నాటి పాత రోడ్డు, ఎక్కడానికి 1974లో వేసింది, కాబట్టి ఎదురు బళ్ల భయమూ లేదు. అయినా మా డ్రైవరు దిగేటప్పుడు మలుపు మలుపుకీ ప్రాణాలు తోడేశాడు. తీరా గేటు ఇంకాస్త దూరం ఉందనగా బండి పక్కకి తీసి ఆపేశాడు. మా ముందూ వెనకా అలాంటివే వరుసగా ఆగి ఉన్నాయి. గంధం పూసిన గుండుతో చిన్నది ఏడుపు, మామయ్యగారి తిట్లు. డ్రైవరు మాత్రం చీటీతో విసురుకుంటూ కూర్చున్నాడు. తొందరపడి మిగిల్చిన నిమిషాలన్నీ అక్కడే ఖర్చయ్యాయి.

కాబట్టి ఇక్కడ చీటీ పెట్టినా లాభం లేదు.

మావారి దగ్గర ఇంకో ఉపాయం ఉంది. స్విట్జర్లాండ్‌లో జెర్మాట్ అనే కొండ ఊరికి పెట్రోలు, డీజిలు కార్లు రానివ్వరు. 5 కిలోమీటర్ల కింద టేష్‌లో కారు పెట్టి రైలెక్కాలి. మన మహారాష్ట్రలోని కొండ ఊరు మాథెరాన్‌లోనూ కార్లు ఊరి బయటే ఆగాలి. "అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలు మన కోటలో ఆగుతుంది కదా, 2017 నుంచి దానికి అద్దాల పెట్టె కూడా ఉంది" అన్నారు. భలే నచ్చింది, సాయంత్రం దాకా.

తర్వాత తట్టింది. అరకులో నడిచేవాళ్లు హాయిగా నడుస్తారు, మరి కార్లు ఆగేది ఎక్కడ? ఇక్కడే! టేష్ అయ్యేది మా ఊరే. ఇప్పుడు దూసుకుపోయేవి అప్పుడు పార్కింగ్ కోసం మా వీధుల్లో తిరుగుతాయి. మరిది టిఫిన్ కొట్టుకి మాత్రం పండగే, రేపే పెట్టేయమంటాడు.

అంత పెద్ద ఆలోచనలు నాకెందుకు, దాటే చోట బండి నెమ్మదిస్తే చాలు. రోడ్లకి కొలతలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడు బ్రేకరు బండి వెళ్లే దిశలో 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో గుండ్రంగా ఉండాలి. 25 కిలోమీటర్ల వేగంతో దాటితే కుదుపు పెద్దగా తెలియదు. మన దగ్గర పోసేవి తారు గుట్టలు. అందుకే బ్రేకరు పేరెత్తితేనే అత్తయ్య వద్దంటుంది, ఆటోలో నడుం పట్టేస్తోందట.

రేపు సోమవారం, కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే రోజు. రాసేది నేను, ఇచ్చేది మావారు. బ్రేకరు అడగాలా, ఆదివారాల పూట ఒక కానిస్టేబుల్‌ని పెట్టమనాలా ఇంకా తేలలేదు. కానిస్టేబుల్ అయితే అత్తయ్య కూడా సంతకం పెడతానంది.