జీపీ సర్జరీ మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

ఇంగ్లండ్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్ళు ఫోన్ చేసి మొదట అడిగేది ఇదే: "అక్కా, ఏ జీపీ సర్జరీలో చేరమంటావు?" సర్జరీ అంటే ఇక్కడ ఆపరేషన్ కాదు, జీపీ అనే ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్. నేను పెద్దవాళ్ళని చూసుకునే కేర్ హోమ్‌లో నర్సుని కాబట్టి నాకు తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. కొంతవరకు నిజమే. ఇక్కడ మా కేర్ హోమ్‌లనీ సర్జరీలనీ తనిఖీ చేసేది ఒకే సంస్థ, కేర్ క్వాలిటీ కమిషన్. అందరూ సీక్యూసీ అంటారు. వాళ్ళిచ్చిన రేటింగ్‌ని అందరికీ కనబడేలా పెట్టాలని 2015 నుంచి రూలుంది. అయితే రేటింగ్ పక్కనున్న తేదీ కూడా చూడండి. కొన్ని ఏళ్ళ కిందటివి. అప్పటి డాక్టర్లు ఇప్పుడు ఉండకపోవచ్చు.

మా హోమ్‌కి ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు దగ్గరుండి చూశాను. మందుల చార్టుల్లో సంతకం లేని గడి ఉందేమోనని వెతికింది. మందుల ఫ్రిజ్ టెంపరేచర్ రాసిన పేజీలు తిరగేసింది. తర్వాత ఒక పెద్దావిడ పక్కన కూర్చుని, "రాత్రిపూట బెల్ నొక్కితే ఎంతసేపటికి వస్తారు?" అని అడిగింది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా, నాకు టెన్షన్ పుట్టింది ఆ ప్రశ్నకే.

సర్జరీని కూడా నేను అలాగే చూస్తాను. డాక్టర్ గదిలో గడిపే ఆ పది నిమిషాలను బట్టి తేల్చను. బయటికి వచ్చాక ఏం జరుగుతుందో గమనిస్తాను. రక్తపరీక్షలో షుగర్ ఎక్కువొస్తే వాళ్ళే పిలుస్తారా, యాప్‌లో రిజల్ట్ పెట్టేసి ఊరుకుంటారా? స్పెషలిస్టుకి రాస్తామన్న ఉత్తరం నిజంగా వెళ్ళిందా? బీపీ ఉన్న మనిషి వెళ్ళిన ప్రతిసారీ కొత్త డాక్టర్‌కి కథంతా మొదట్నుంచీ చెప్పుకోవాలా?

మనవాళ్ళు చాలామంది "యాంటీబయాటిక్ రాయలేదు, పారాసెటమాల్ వేసుకోమన్నారు" అని సర్జరీని తిట్టుకుంటారు. వైరల్ జ్వరానికి యాంటీబయాటిక్ రాయకపోవడమే సరైన వైద్యం. మూడు వారాలు దాటినా తగ్గని దగ్గుకి కూడా అదే మాట చెప్పి పంపిస్తే మాత్రం ఊరుకోకూడదు.

నన్ను బాగా బాధపెట్టింది ఒక స్నేహితురాలి అత్తగారి విషయం. ఆవిడకి తెలుగు తప్ప రాదు. సర్జరీ వాళ్ళు, మాట్లాడటానికి కొడుకుని తీసుకురమ్మన్నారు. ఆవిడ చెప్పాల్సింది నెలసరి ఆగిపోయిన ఇన్నేళ్ళకి మళ్ళీ రక్తం కనబడుతోందని. కొడుకు ముందు ఎలా చెప్తుంది? మోకాళ్ళ నొప్పులని చెప్పి వచ్చేసింది. అది ఆలస్యం చేయకుండా చూపించుకోవాల్సిన లక్షణం! ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఏర్పాటు చేయాల్సింది సర్జరీయే. ఆ మాట కోడలు గట్టిగా అడిగాక, ఫోన్‌లో తెలుగావిడని పెట్టారు. లేడీ డాక్టర్ గదిలో ఆవిడ అప్పుడు నోరు విప్పింది. స్పెషలిస్టుకి అర్జెంటుగా పంపించారు. అడిగేదాకా చేయకపోవడం నా దృష్టిలో పెద్ద లోపం. గోడమీద ఏ రేటింగ్ ఉన్నా సరే.

ఐటీలో ఉన్నవాళ్ళు వీసాతోపాటు, ఇక్కడి ప్రభుత్వ వైద్యం వాడుకోవడానికి, పెద్దవాళ్ళకి తలా ఏడాదికి 1,035 పౌండ్లు హెల్త్ సర్‌చార్జ్ కడుతున్నారు. అయినా "మనకెందుకు గొడవ, వీసాకి ఏమైనా అవుతుందేమో" అని నోరు మూసుకుంటారు. ఫిర్యాదుకీ వీసాకీ సంబంధం లేదు. ముందు సర్జరీ నడిపే ప్రాక్టీస్ మేనేజర్‌కి రాయండి. అక్కడ తేలకపోతే, ఇలాంటి ఫిర్యాదులు విడిగా విచారించే ఓంబుడ్స్‌మన్ ఉన్నారు. మీ సర్జరీ ఎలా ఉందో అడిగే జీపీ పేషెంట్ సర్వే ఉత్తరం వస్తే ప్రకటన కాగితమని చెత్తలో వేయకండి. సర్జరీల వారీగా వచ్చే ఆ ఫలితాలు ఎవరైనా చూడొచ్చు. నన్ను అడిగిన తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ వాళ్ళ పోస్ట్‌కోడ్ దగ్గరి సర్జరీల ఫలితాలే ముందు చూపిస్తున్నాను.