గట్టిమేళం లేని కచేరి

మా నాయన దేవుని కడప చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో నలభై ఏళ్ళు సన్నాయి వాయించాడు. తోడి రాగం నిండుగా సాగుతున్నప్పుడు పురోహితుడు చేయెత్తి "గట్టిమేళం" అన్నాడంటే, రాగం ఎక్కడున్నా అక్కడే వదిలేసి డోలు మోతను అందుకోవలసిందే. అలా తెగిపోయిన రాగాల గురించి లండన్ వెళ్ళేదాకా నేను ఆలోచించలేదు.

చదువు వీసా మీద వెళ్ళినవాడికి తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేసే వీలు లేదు. ఆ గంటలను నేను తూర్పు లండన్‌లోని ఒక చిన్న హాలులో కుర్చీలు వేయడానికి, మైకు తీగలు చుట్టడానికి, దీపాలు చూసుకోవడానికి ఖర్చు పెట్టాను. అక్కడ మూడు రోజుల ఆశుసంగీత ఉత్సవం జరిగింది, అంటే ముందుగా ఏమీ రాసుకోకుండా అప్పటికప్పుడు అల్లి వాయించడం. దానిని నడిపినవారు సెల్లో (వయొలిన్ జాతిలో పెద్ద వాద్యం) వాయించే ఒకావిడ, డ్రమ్ములు వాయించే ఒకాయన. నేను కుర్చీలు సర్దుతుంటే వాళ్ళు ఒక అట్ట మీద పేర్లు రాస్తూ, కొట్టేస్తూ, అదివరకెన్నడూ కలిసి వాయించని వాళ్ళను ఎలా జత చేయాలా అని సాయంత్రం దాకా వాదించుకునేవారు.

ఆ ఊరికి ఈ పద్ధతి కొత్త కాదు. గిటారు వాద్యకారుడు డెరెక్ బెయిలీ 1977లో 'కంపెనీ వీక్' అనే ఆశుసంగీత వారోత్సవం మొదలుపెట్టి, 1994 దాకా దేశదేశాల వాద్యకారులను పిలిచి, రోజుకో రకంగా చిన్న చిన్న జట్లు కట్టించాడు. మొదటి ఏడాది వచ్చినవారిలో అమెరికా నుంచి ఆంథోనీ బ్రాక్స్‌టన్, హాలండ్ నుంచి హాన్ బెన్నింక్ ఉన్నారు. ఒకే జట్టు ఎక్కువకాలం కలిసి వాయిస్తే ఆశువుగా పుట్టినది కూడా అలవాటుగా మారిపోతుందని ఆయన భయం. మేళగాళ్ళకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

మొదటి రాత్రి నేను ఒక తప్పు చేశాను. శ్రుతి లేదు, తాళం లేదు, రేకు మీద మేకుతో గీసినట్టుంది (నిజం చెప్పాలంటే మొదటి పది నిమిషాలు వాద్యాలను సరిచూసుకుంటున్నారనే అనుకున్నాను). ఒకచోట అందరూ ఆగారు. కచేరి అయిపోయిందనుకుని దీపాలు వేసేశాను. డ్రమ్ముల ఆయన చేతిలో పుల్ల ఇంకా గాలిలోనే ఉంది. తరువాత ఆయన కోప్పడలేదు, అది ఇంకా ముగియలేదని మాత్రం మెల్లగా చెప్పాడు. ఆ రాత్రి పురోహితుడి చేయి నాదే అయింది.

మరునాటి నుంచి స్విచ్చు మీద వేలు పెట్టుకుని, చెవులు రిక్కించి విన్నాను. సాక్సఫోన్ ఆయన ఏడెనిమిది నిమిషాలు వాద్యం ఒళ్ళో పెట్టుకుని పక్కవాళ్ళను వింటూ కూర్చుని, రెండే స్వరాలు ఊది మళ్ళీ ఆగడం చూశాక, ఊరకుండడం కూడా అక్కడ వాయించడంలో భాగమేనని అర్థమైంది. చివరికి టిక్కెట్ల డబ్బును బల్ల మీద పోసి అందరూ సమానంగా పంచుకున్నారు. తలా ఒకరికి దక్కింది నా వారం కూలి కంటే తక్కువ.

సెలవుల్లో కడప వచ్చినప్పుడు, వాళ్ళ అనుమతితో ఫోనులో పట్టుకున్న ముక్కను నాయనకు వినిపించాను.

"శ్రుతి యాడుందిరా దీంట్లో?" అన్నాడు ముఖం చిట్లించి. చివరి నిశ్శబ్దం దాకా విన్నాక మళ్ళీ అడిగాడు. "ఆపమని ఎవరు చెప్పినారు వాళ్ళకు?"

"ఎవురూ చెప్పలేదు నాయనా."

ఆయన సన్నాయి పీకను తుడుస్తూ, ఆ చివరి ముక్క ఇంకోసారి పెట్టమన్నాడు.