వేడెక్కితే మొరాయించే మియాటా: పెట్రోలు పంపు మార్చిన నా అనుభవం

ట్యాంకులోంచి ఇంజినుకు పెట్రోలు తోసే పంపు పూర్తిగా చస్తే పట్టుకోవడం పెద్ద పని కాదు. సెల్ఫ్ ఎంత కొట్టినా ఇంజిను అందుకోదు, ట్యాంకు వైపు చెవి పెడితే చప్పుడుండదు. తేలిపోతుంది. కొన ఊపిరితో ఉన్న పంపుతోనే అసలు తంటా. నా 1992 మాజ్దా మియాటాలో ఉన్నది ఆ రకం. పొద్దున్న చల్లపూట బండి హాయిగా నడిచేది. మధ్యాహ్నం డాలస్ ఎండలో, ట్యాంకులో పెట్రోలు పావు వంతుకు దిగాక, హైవే ఎక్కుతూ మూడో గేరులో గట్టిగా తొక్కితే మాత్రం పికప్ ఉన్నట్టుండి పడిపోయేది. కాలు తీస్తే మళ్లీ మామూలే. ఇంకాస్త వేడెక్కితే సిగ్నల్ దగ్గర ఆగిపోయేది. అరగంట నీడలో ఉంచితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది.

ఈ బండి ఇండియాలో ఎప్పుడూ అమ్మలేదు కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో లోకానికి చూపించిన, పైకప్పు మడిచిపెట్టే రెండు సీట్ల చిన్న కారు ఇది. నా దాంట్లో 1.6 లీటర్ల ఇంజిను, 116 హార్స్‌పవర్. ఇక్కడి తెలుగువాళ్ల విందులకు ఇందులో వెళితే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: 'మరి పిల్లలెక్కడ కూర్చుంటారు?'

ఒక వర్క్‌షాపులో లక్షణాలు చెప్పగానే 'పంపే' అని, దాంతోపాటు ఇంకో నాలుగు సామాన్లు కలిపి ఎస్టిమేటు చేతిలో పెట్టారు. పెట్రోలు ప్రెషరు కొలిచే గేజీ మాత్రం బయటికి తీయలేదు. అది నాకు నచ్చలేదు. రాత్రి విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఎలక్ట్రికల్ పని చేసే మా బాబాయికి ఫోను చేశాను. ఆయన మియాటాను ఎన్నడూ చూడలేదు. అయినా మొదటి మాటే పనికొచ్చింది. "పంపు సంగతి తర్వాత, ముందు ఎర్త్ చూశావా? పంపు దగ్గరికి ఎన్ని వోల్టులు వస్తున్నాయో చూడకుండా పంపు మార్చావంటే కొత్తది కూడా ఇలాగే ఏడుస్తుంది."

నిజానికి ఇవే లక్షణాలు చూపించేవి మరో మూడు నాలుగు ఉన్నాయి. మూసుకుపోయిన ఫిల్టరు, ప్రెషరును అదుపులో ఉంచి, మిగిలిన పెట్రోలును వెనక్కి పంపే రెగ్యులేటరు పాడవడం, తుప్పు పట్టిన వైరు. ఈ 1.6 ఇంజినుకు ఇంకో ప్రత్యేకత ఉంది. ఇంజిను తిరుగుతున్నంతసేపూ పంపుకు కరెంటు అందేలా చూసే చిన్న స్విచ్చు, గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో మీటరు లోపల ఉంటుంది. గాలి తోసి దాని రెక్క తెరుచుకుంటేనే పంపు తిరుగుతుంది. ఆ స్విచ్చు అరిగినా బండి సరిగ్గా ఇలాగే ఆగిపోతుంది. ట్యాంకు విప్పాక ఈ సంగతి తెలిస్తే ఏడవాలో నవ్వాలో తెలియదు.

అందుకే బండి మొరాయిస్తున్నప్పుడే కొలవాలని నిశ్చయించుకున్నాను. చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. ఇంజినుకు పెట్రోలు తెచ్చే హోసులో టీ (T) ఆకారపు ముక్క వేసి గేజీ బిగించాను. బానెట్ కింద డయాగ్నస్టిక్ డబ్బా అని ఒకటి ఉంటుంది. అందులో ఎఫ్‌పీ (పంపు), జీఎన్‌డీ (ఎర్త్) అని రాసి ఉన్న రెండు కాళ్లను చిన్న వైరుతో కలిపి తాళం ఆన్ చేస్తే, ఎయిర్ ఫ్లో మీటరుతో పని లేకుండా పంపు తిరుగుతుంది. ఇంజిను ఆపి ఇలా నడిపినప్పుడు ప్రెషరు 38 నుంచి 46 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) ఉండాలి. చల్లగా 40 చూపించింది. బాగా వేడెక్కించి, సరిగ్గా ఆగిపోయిన క్షణాన మళ్లీ కలిపాను. ముల్లు 30 దాటలేదు, అక్కడే వణుకుతోంది. అంటే స్విచ్చు దోషి కాదు. వెనక్కి పోయే రిటర్న్ హోసును గుడ్డ చుట్టిన ప్లయరుతో ఒక్క క్షణం నొక్కి చూశాను. అలా నొక్కితే రెగ్యులేటరు ప్రమేయం లేకుండా పంపు సత్తా ఒక్కటే తెలుస్తుంది. మంచి పంపయితే ముల్లు 60 పైకి ఎగబాకాలి. ఇది నలభై దగ్గరే ఆయాసపడింది. రెగ్యులేటరు కూడా నిర్దోషి. ఫిల్టరు ముందే కొత్తది వేశాను. ఇక బాబాయి మాట మిగిలింది. పంపు కనెక్టరు దగ్గర మీటరు పెడితే బ్యాటరీ వోల్టేజీకి కాస్త అటూ ఇటూగా వస్తోంది, ఎర్త్ శుభ్రంగా ఉంది. అప్పుడు గానీ పంపుకు ఆర్డరు పెట్టలేదు.

వేడికీ దీనికీ సంబంధం ఏమిటంటే, పంపు మోటారు పెట్రోలులోనే మునిగి ఉంటుంది, ఆ పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. ట్యాంకు తగ్గేకొద్దీ చల్లబరిచే పెట్రోలు తగ్గుతుంది. పైగా ఇంజిను వాడుకోగా మిగిలింది వేడెక్కి మళ్లీ ట్యాంకులోకే వస్తుంది. లోపల కరెంటు అందించే బ్రష్షులు అరిగిన మోటారు ఆ వేడికి తట్టుకోలేదు.

కొత్త పంపు దగ్గర చాలామంది గంటకు 255 లీటర్లు తోసే పెద్దది కొంటారు. టర్బో బిగించుకున్నవాళ్లకు సరే. మామూలు ఇంజినుకు అది దండగ. అంత పెట్రోలును వెనక్కి పంపలేక పాత రెగ్యులేటరు చేతులెత్తేసి, ప్రెషరు ఉండాల్సిన దానికంటే పెరిగే ప్రమాదం కూడా ఉంది. కంపెనీ కొలతకు సరిపోయేదే తెప్పించాను.

పని మొదలుపెట్టే ముందు బండిని గ్యారేజీ నుంచి బయటికి తోశాను. ఇక్కడ చాలా ఇళ్లలో గ్యాసు వాటర్ హీటరు గ్యారేజీలోనే ఉంటుంది, దాని కింద చిన్న మంట వెలుగుతూనే ఉంటుంది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేలబారునే పాకుతుంది. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మంటలార్పే సిలిండరు చేతికందేంత దూరంలో పెట్టుకున్నాను. ఇంజిను నడుస్తుండగా డాష్‌బోర్డు కింద పంపుకు కరెంటు ఇచ్చే రిలే కనెక్టరు పీకేస్తే, లైన్లో ఉన్న ప్రెషరు ఖర్చయి ఇంజిను తనంతట తానే ఆగింది. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీశాను. మియాటాలో బ్యాటరీ వెనక డిక్కీలో ఉంటుంది, కొత్తవాళ్లు బానెట్ ఎత్తి వెతుక్కుంటారు.

ట్యాంకు దించాల్సిన అవసరం లేకపోవడం ఈ బండి చేసిన మేలు. సీట్ల వెనక అరుగు మీది కార్పెట్ ఎత్తితే రేకు మూత, అది విప్పితే ట్యాంకు నెత్తి కనిపిస్తుంది. ముప్పై ఏళ్ల దుమ్ము, ఇసుక, ఎవరివో రెండు నాణేలు. పంపు మూత కదిలించక ముందే అదంతా వ్యాక్యూమ్‌తో లాగెయ్యాలి, లేకపోతే నేరుగా ట్యాంకులోకే రాలుతుంది. మూతకున్న చిన్న ప్లస్ స్క్రూలే పనంతటిలో విసిగించినవి. సరిగ్గా పట్టే స్క్రూడ్రైవరుతో, బరువంతా దాని మీద మోపి, అంగుళం అంగుళంగా తిప్పితేనే తల అరగకుండా వచ్చాయి. హోసుల మీద ఏది ఎక్కడిదో టేపు అంటించి, పంపు ఉన్న చట్రాన్ని ఏటవాలుగా వంచి పైకి తీశాను.

అడుగున ఉన్న జాలీ తొడుగు డికాక్షన్ రంగులో ఉంది. వేలితో నొక్కితే సన్నని తుప్పు పొడి గ్లవ్‌కు అంటుకుంది. పంపు తల దగ్గర పాజిటివ్ పిన్ను పక్కన ప్లాస్టిక్ గోధుమరంగుకు మాడి ఉంది. లోపలి పొట్టి హోసు ఎండిన మిరపకాయలా గట్టిపడి, వంచగానే పగుళ్లు చూపించింది. ఆ హోసు దగ్గర కక్కుర్తి పడకూడదు. బయట వాడే మామూలు పెట్రోలు హోసుకు లోపలి వైపు తప్ప రక్షణ ఉండదు. పెట్రోలులో పూర్తిగా మునిగితే ఉబ్బి మెత్తబడుతుంది. ట్యాంకు లోపలికి ఎస్‌ఏఈ 30ఆర్10 అని అచ్చువేసిన రకమే వాడాలి. అడుగు పొడవు ముక్క ధర చూస్తే కళ్లు తిరుగుతాయి, అయినా అదే కొన్నాను. కొత్త జాలీ, కొత్త క్లిప్పులు, మూత కింద కొత్త ప్యాకింగ్ వేసి, మాడిన పిన్ను కనెక్టరు కూడా మార్చాను.

అన్నీ బిగించాక కార్పెట్ వేసేయలేదు. మళ్లీ అదే రెండు కాళ్లు కలిపి తాళం ఆన్ చేస్తే ముల్లు ఒక్క ఊపులో 42కు వెళ్లి కదలకుండా నిలబడింది. వెంటనే బంకుకు వెళ్లి ట్యాంకు నిండా కొట్టించాను. ప్యాకింగ్ సరిగ్గా కూర్చోకపోతే నిండు ట్యాంకులోనే తడి కనిపిస్తుంది. మలుపుల్లో కాస్త ఊపి తిప్పి, వచ్చి మూత చుట్టూ తెల్లటి టిష్యూ కాగితంతో ఒత్తి చూశాను. పొడిగానే ఉంది. తర్వాత పెట్రోలు పావుకు దిగిన రోజున, కావాలనే మధ్యాహ్నం మూడింటికి హైవే ఎక్కి మూడో గేరులో ఆర్‌పీఎం ముల్లు ఎర్రగీత తాకేదాకా తొక్కాను. ఎక్కడా తడబడలేదు.

బాబాయికి చెబితే "సరే, పాత పంపు పారెయ్యకు, విప్పి బ్రష్షులు ఎంత అరిగాయో ఫొటో పంపు" అన్నారు. పంపించాను. ఇప్పుడు పంపు గోల తగ్గాక వెనక కుడి చక్రం దగ్గర ఇంకో సన్నని మూలుగు వినిపిస్తోంది. బేరింగు అనే నా అనుమానం. దాన్ని ఊడలాగే పుల్లరు కావాలి, అరువిచ్చే స్నేహితుడు ఊళ్లో లేడు.