‘కలడో లేడో’ అని అడిగిన భక్తుడు

దేవుడి గురించి ఆలోచించడం మొదలుపెట్టినవాళ్లకు ముందు ఒక టెన్షన్ ఉంటుంది: ఇలా ప్రశ్నలు వేస్తే భక్తి పోతుందేమో అని. అలాంటివాళ్లను పోతన భాగవతం అష్టమ స్కంధంలోని గజేంద్ర మోక్షం తెరవమంటాను.

కలడందురు దీనుల యెడ
గలడందురు పరమయోగి గణముల పాలం
గలడందురు అన్ని దిశలను
గలడు కలండనెడివాడు గలడో లేడో?

ఈ పద్యం కంఠస్థం చేసినవాళ్లు ఎందరో ఉన్నారు. చివరి పాదం దగ్గర ఆగి ఆలోచించేవాళ్లు తక్కువ. దీనుల దగ్గర ఉంటాడు, యోగుల దగ్గర ఉంటాడు, అంతటా ఉంటాడు అన్నవి మూడూ గజేంద్రుడు విన్న మాటలే. కాలు మొసలి నోట్లో ఉన్నప్పుడు విన్న మాట సరిపోలేదు. ఉన్నాడా అసలు అని అడిగాడు, అదీ ప్రార్థన మధ్యలో.

నిజానికి ఆ ప్రార్థన మొదలైందే ‘ఎవ్వడు, ఎవ్వడు’ అనే మాటలతో. ‘ఎవ్వనిచే జనించు, జగమెవ్వని లోపల నుండు లీనమై’ అంటూ, జగత్తుకు మూలకారణం ఎవరో ఆ ఈశ్వరుణ్ణి శరణు వేడుతాడు. వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల్లో ‘జన్మాద్యస్య యతః’ (ఈ జగత్తు పుట్టుక మొదలైనవి దేనినుంచో అదే బ్రహ్మం) అనే సూత్రం చెప్పేదీ ఈ సంగతే. నైయాయికులు, అంటే తర్కాన్ని నమ్ముకున్న న్యాయదర్శనం వాళ్లు, దీన్ని వాదంగా మలిచారు: కుండ ఉంటే కుమ్మరి ఉండాలి, జగత్తూ కార్యమే, అంటే ఒక కారణం వల్ల పుట్టినదే, కాబట్టి దానికీ కర్త ఉండాలి. వేదంలోని కర్మలకే ప్రాధాన్యం ఇచ్చే మీమాంసకులు ఒప్పుకోలేదు. జగత్తు మొత్తంగా ఒకరోజు పుట్టిందని ముందు చూపించండి అన్నారు. వాళ్లలో వేదాన్ని ప్రాణంగా చూసుకున్న పండితుడు కుమారిలభట్టే సృష్టికర్తను కాదన్నాడని తెలిస్తే కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు.

ఇంతకంటే గట్టి ప్రశ్న ఇంకొకటి ఉంది. దేవుడు ఉన్నాడనే అనుకుందాం. మరి ఇన్ని కష్టాలెందుకు? ఒకడికి సుఖం, ఒకడికి ఏడుపు పంచేవాడు పక్షపాతి కాడా, నిర్దయుడు కాడా? ఈ ఆక్షేపణ బయటివాళ్లు తెచ్చింది కాదు, బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలోనే ఉంది. ఈశ్వరుడు జీవుల కర్మను బట్టే ఫలం ఇస్తాడన్నది అక్కడి జవాబు. సృష్టికి ముందు కర్మ ఎక్కడిది అన్న అనుమానాన్ని కూడా వెంటనే వచ్చే సూత్రమే లేవనెత్తి, సంసారం అనాది అంటుంది. తర్కానికి ఇది నిలుస్తుంది. కానీ కష్టంలో ఉన్న మనిషి ముందు దీన్ని జవాబుగా పెట్టడం నాకు నచ్చదు. గజేంద్రుడికి కూడా ఒక శాప కథ ఉంది. పూర్వజన్మలో అతను ఇంద్రద్యుమ్నుడనే రాజు, అగస్త్యుడి శాపం వల్ల ఏనుగయ్యాడు. మొర పెట్టుకునేటప్పుడు ఆ లెక్క ఎత్తలేదు, ‘చూడడే నా పాటు’ అన్నాడు.

ఆ మాట ఉన్న సీసపద్యంలోనే దేవుణ్ణి ‘కలిమిలేములు లేక కలుగువాడు’ అంటాడు. అంటే ఉండటం, లేకపోవడం అనే రెండింటికీ అవతల ఉండేవాడు. అలాంటప్పుడు వస్తువులను వెతికినట్టు వెతికి ‘ఉన్నాడు’, ‘లేడు’ అని తేల్చవచ్చా? నాకైతే ఉన్నాడా అన్న ప్రశ్న కన్నా ఇదే లోతుగా అనిపిస్తుంది. ‘లావొక్కింతయు లేదు’ అని ఒళ్లు వదిలేసే పద్యం వీటన్నిటి తర్వాతే వస్తుంది.

ఈ పద్యాలను వరుసగా చదివాక ఋగ్వేదం పదో మండలంలోని 129వ సూక్తం చూడండి. ఈ సృష్టి ఎక్కణ్ణించి వచ్చిందో పరమాకాశంలో ఉన్న అధ్యక్షుడికి తెలుసేమో, ఆయనకూ తెలియదేమో అని అది ముగుస్తుంది.