టాపు మీద మళ్ళీ తేలిన కన్నం

ఆదివారం, రాత్రి.

పొద్దున్నుంచీ ఏం చేశానయ్యా అంటే మూడు వేళ్ళ వెడల్పున్న జాగా ఒకటి రుద్దాను. అంతే. 1/24 స్కేలు ప్లాస్టిక్ మోడల్ కారు, అంటే పొడవులో అసలు కారుకి ఇరవై నాలుగో వంతు, ముక్కు నుంచి తోక దాకా కొలిచినా 19 సెంటీమీటర్లు ఉండదు, అందులో టాపు ఎంతని! దానికి ఆదివారం మొత్తం పోయింది, రంగు చుక్క కూడా పడలేదు. అయినా ఎందుకో చిరాకు లేదు, ఒళ్ళు మాత్రం నెప్పులు.

ఇదంతా నేను కోరి తెచ్చుకున్నదే. రెండు వారాల కింద మొదలైంది. ముక్కలుగా వచ్చే ఈ కిట్‌లో టాపుకి సన్‌రూఫ్ కన్నం ఉంది, నాకేమో సాదా టాపు కావాలి. కన్నం కింద మాస్కింగ్ టేపు అంటించి, పైనుంచి ట్యూబు పుట్టీ పిండేసి, చెంచా వెనకవైపుతో సాపు చేసి, అబ్బో పని ఎంత తొందరగా అయిపోయిందో అనుకున్నాను. మర్నాడు గోరుతో నొక్కితే దిగలేదు, అంటే ఆరినట్టే కదా అని రుద్దేశాను, ప్రైమరు, అంటే రంగుకి ముందు వేసే పూత, కొట్టాను, రెండు రోజులాగి నీలం రంగు కొట్టాను. అద్దంలా వచ్చింది. ఫోటోలు కూడా తీసుకున్నాను, అదీ నా ఖర్మ.

మొన్న బుధవారం సాయంత్రం మావాడు కారు చేతిలోకి తీసుకుని ట్యూబ్‌లైటు కింద అటూ ఇటూ తిప్పుతూ, "నాన్నా, దీన్నెవరైనా నొక్కారా?" అన్నాడు. ఎవరూ నొక్కలేదురా అంటూనే చూశాను. టాపు మీద ట్యూబ్‌లైటు గీత తిన్నగా వెళ్ళి, మధ్యకి వచ్చేసరికి చిన్న మెలిక తిరిగి, మళ్ళీ తిన్నగా సాగుతోంది. మెలిక మొదలైన చోటు, ఆగిన చోటు కలిపి చూస్తే సన్‌రూఫ్ ఆకారం. పూడ్చేశాననుకున్న కన్నం అక్కడే ఉంది, పైన నీలం దుప్పటి కప్పుకుని.

తప్పు పుట్టీది కాదు, నాది. ట్యూబు పుట్టీ ఆరేది అందులోని సాల్వెంటు, అంటే దాన్ని మెత్తగా ఉంచే ద్రావకం, గాలికి ఎగిరిపోవడం వల్ల. ఎగిరిపోయినదాని చోటు ఖాళీ అవుతుంది కాబట్టి పుట్టీ కుంచించుకుపోతుంది. పలచగా రాస్తే ఆ కుంచించుకోవడం కంటికి ఆనదు. మందంగా పోస్తే పైన ముందు తోలు కట్టేస్తుంది, లోపల మెత్తగానే ఉంటుంది, ఆ లోపలిది రోజుల తరబడి మెల్లగా ఆరుతూ పైతోలుని కిందికి లాగుతుంది. నేను గోరుతో నొక్కి చూసింది ఆ తోలుని. దాన్ని టాపుతో సమానంగా రుద్ది, ఇంకా ఊపిరి వదులుతున్నదాని మీద మూత పెట్టినట్టు రంగు కొట్టేశాను. పైగా ఆ రంగులో ఉన్న సాల్వెంటు మళ్ళీ లోపలికి ఇంకి, అటు ప్లాస్టిక్‌ని ఒకలా, ఇటు పుట్టీని ఇంకొకలా ఉబ్బించి ఉంటుంది. అంచు గీత అంత స్పష్టంగా కనబడింది అందుకే.

సరే, బుధవారం రాత్రే గీకడం మొదలుపెట్టాను. మొత్తం బాడీ రంగు తీయలేదు, టాపు వరకే 400 నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం, నంబరు పెరిగేకొద్దీ నునుపు) లేపేసి, పుట్టీని బ్లేడు మొనతో తవ్వాను. లోపల, నమ్మండి, రెండు వారాలైనా కాస్త జిగురుగానే ఉంది. ముక్కుకి దగ్గరగా పెట్టుకుంటే వాసన కూడా వచ్చింది. ఆ వాసన ముందే చూసి ఉంటే ఇదంతా లేదు. పుట్టీ అయినా రంగైనా వాసన వస్తున్నంతసేపూ అది ఆరలేదన్నమాటే, గోటి పరీక్ష కన్నా ముక్కు పరీక్ష నయం.

గురువారం కన్నానికి ప్లాస్టిక్ ముక్క వేశాను. ఇది మొదటే చేయాల్సిన పని. పెద్ద కన్నాన్ని ప్లాస్టిక్‌తోనే పూడ్చాలి, పుట్టీ ఉన్నది అతుకుల కోసం. ఒక మిల్లీమీటరు పాలిస్టైరీన్ షీటు తీసుకుని, కన్నం కన్నా కాస్త పెద్దగా కోసి, మూలలు రుద్దుతూ సరిగ్గా ఇమిడేదాకా తగ్గించుకుంటూ వచ్చాను. ఇమిడాక చూస్తే ఇంకో తంటా. టాపు చదునుగా ఉండదు, కొంచెం వంపు ఉంటుంది, నా ముక్కేమో పలకలా ఉంది. స్క్రూడ్రైవరు పిడి మీద పెట్టి బొటనవేలితో నిమురుతూ నిమురుతూ వంచాను, ఒక్కసారిగా వంచితే విరిగి ఊరుకుంటుంది. తర్వాత అడుగున రెండు పట్టీలు ఆసరాగా వేసి, పల్చటి ప్లాస్టిక్ సిమెంటు బ్రష్షు మొనతో అతుకులోకి వదిలాను. అది జిగురులా పట్టుకునేది కాదు, రెండువైపులా ప్లాస్టిక్‌ని కరిగించి ఒకదాన్నొకటి కలిపేస్తుంది. అలా కరిగిన ప్లాస్టిక్ కూడా గట్టిపడాలి కదా, అందుకని శుక్రవారం, శనివారం ముట్టుకోలేదు. ముట్టుకోకుండా ఉండడమే ఈ హాబీలో నాకు రాని విద్య.

ఇక ఇవాళ్టి సంగతి. అతుకు గీతలకి ఈసారి రెండు భాగాల పాలిస్టర్ పుట్టీ, అంటే అసలు కార్ల షెడ్లలో సొట్టలకి పెట్టే రకం. ఇది ఆరేది గాలికి కాదు, రెండో భాగమైన హార్డనర్‌తో రసాయన చర్య జరిగి గట్టిపడుతుంది, అందువల్ల కుంచించుకోవడం చాలా తక్కువ. అందులోని రెజిన్‌లో స్టైరీన్ ఉంటుంది, మన కిట్ బాడీ పాలిస్టైరీన్, అందుకేనేమో ఇది ప్లాస్టిక్‌ని బాగానే కరుచుకుంటుంది, కానీ ముందు 320తో గరుకు చేయకపోతే అంచుల దగ్గర పెచ్చులా లేచిపోతుంది.

హార్డనరు బరువులో 2 శాతం చుట్టూ కలపాలి. కార్లకైతే పలక మీద ఇంత ముద్ద వేసుకుని కలుపుతారు, కొలత కుదురుతుంది. నాకు కావాల్సింది బఠాణీ గింజంత. బఠాణీ గింజలో రెండు శాతమంటే ఎంత? అగ్గిపుల్ల మొనకి అంటినంత కూడా కాదు. మొదటి విడతలో ఎక్కువ పడింది, పూర్తిగా కలిపి కారు చేతిలోకి తీసుకునేలోపు అగ్గిపుల్ల పుట్టీలో నిలబడిపోయింది, విగ్రహంలాగా. ఎక్కువైతే ఇదొక్కటే నష్టం కాదు, హార్డనరులోని పెరాక్సైడు మిగిలిపోయి తర్వాత పై రంగులోకి మరకలా ఊరే ప్రమాదం కూడా ఉంది, లేత రంగులకి మరీ. రెండో విడతలో కావాల్సినదానికి నాలుగింతలు కలిపాను, మిగిలింది పారేశాను. వృథాయే, కాని కొలత కుదిరింది. హార్డనరుకి రంగు ఎందుకు వేస్తారో కూడా అప్పుడే బుర్రకెక్కింది, చారలు పోయి ముద్దంతా ఒకే రంగులోకి వస్తేనే కలిసినట్టు లెక్క.

కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి, మూతికి మాస్కు ఉంది, అయినా పక్క గదిలోంచి "ఇంక చాలండీ, ఆ వాసనకి తల పగిలిపోతోంది" అని వినబడింది. సామాను బాల్కనీలోకి మార్చాను. ఆవిడదే న్యాయం.

రాసిన పావుగంటకి ఒక మంచి దశ వస్తుంది, పుట్టీ రాయిలా కాకుండా రబ్బరులా ఉంటుంది. అప్పుడు బ్లేడుని పడుకోబెట్టి గీస్తే ఎగుడుదిగుళ్ళు తొక్కలా లేచి వచ్చేస్తాయి. అది దాటితే గంటసేపు రుద్దాల్సిందే. ఈసారి దొరకబుచ్చుకున్నాను.

ఆ తర్వాత రుద్దుడు. వాటర్ పేపరుని వేలికి చుట్టి రుద్దితే వేలు ఎక్కడ మెత్తగా తగిలితే అక్కడ తవ్వుతుంది, పుట్టీ కన్నా ముందు పక్కనున్న ప్లాస్టిక్ అరిగి, అతుకు చుట్టూ కాలవ పడుతుంది. అందుకని ఒక గట్టి చెక్కముక్కకి చుట్టుకుని, 400, 600, 800 వరసగా, నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బుచుక్క వేసుకుని. తడిగా రుద్దితే దుమ్ము ఎగరదు, కాగితం పూడుకోదు. మధ్యమధ్య ఆరబెట్టి, కళ్ళు మూసుకుని వేలికొసతో అతుకు మీద అడ్డంగా నిమరడం. కళ్ళు తెరిస్తే పుట్టీ రంగు వేరు, ప్లాస్టిక్ రంగు వేరు, అక్కడ గట్టు ఉన్నట్టే అనిపిస్తుంది. మూసుకుంటేనే తెలుస్తుంది ఉందో లేదో. వెంట్రుక మందం తేడా కూడా వేలు పసిగడుతుంది. వెంట్రుకంటే 0.07 మిల్లీమీటర్లు అనుకుందాం, 24తో హెచ్చవేస్తే అసలు కారు మీద 1.7 మిల్లీమీటర్ల గట్టు. అలాంటి కారు షోరూములో ఉంటే ఎవరైనా కొంటారా?

ఈ లెక్కే రంగుకీ వర్తిస్తుంది, అదే నన్ను ఆపింది ఇవాళ. సాయంత్రం ప్రైమరు రెండు పలచటి పూతలు కొట్టాను, జానెడు దూరం నుంచి, బాడీకి ఇవతల మొదలుపెట్టి అవతలిదాకా ఆపకుండా. బూడిద రంగు ప్రైమరు నిర్దయగా చూపిస్తుంది. టార్చి పక్కనుంచి పడుకోబెట్టి చూస్తే గట్టు లేదు, మెలిక లేదు, కానీ అతుకు పొడవునా సూదిమొనంత బెజ్జాలు ఏడెనిమిది. కలిపేటప్పుడు పట్టిన గాలి బుడగలు. ప్రైమరు ఇంకో రెండు మూడు పూతలు లావుగా కొట్టేస్తే పూడిపోతాయి కదా అనిపించింది, చెయ్యి స్ప్రే క్యాను దాకా వెళ్ళింది కూడా. కానీ అలా చేస్తే తలుపుల గీతలు, డిక్కీ గీత, అన్నీ పూడిపోతాయి, అసలు కారు అనిపించేదే ఆ గీతల వల్ల. ఇదివరకు ఒక కారుని అలాగే చేశాను, తలుపులు లేని సబ్బుబిళ్ళలా తయారైంది.

బెజ్జాలకి ఏం వాడానో చెప్తే నవ్వుతారు. ఆ ట్యూబు పుట్టీయే. వారమంతా తిట్టుకున్న పుట్టీ. టూత్‌పిక్ మొనకి కొంచెం తీసుకుని బెజ్జంలో గుచ్చి, గీసేశాను. ఇంత చిన్న పనికి అదే సరైనది, పలచగా పోతుంది, తొందరగా ఆరుతుంది. దాన్ని గోతిలో ముద్దలా పోసింది నేను.

రాత్రి భోజనాలయ్యాక మావాడు వచ్చి చూశాడు. బాడీ ఒక సీసా మీద బోర్లించి, దుమ్ము పడకుండా అట్టపెట్టె కప్పి ఉంది. పెట్టె ఎత్తి, ట్యూబ్‌లైటు కింద తిప్పబోయి, ప్రైమరు మెరవదు కాబట్టి ఏమీ కనబడక, "మళ్ళీ నీలమే వేస్తావా నాన్నా?" అన్నాడు. నీలమేరా. "రేపా?" రేపు కాదు.

వాడు వెళ్ళాక పెట్టె ఎత్తి టాపు వాసన చూశాను. వస్తోంది ఇంకా. మూసేశాను.