మౌంట్ చేసిన డిస్క్‌లో గ్రూప్ అంతా రాయాలంటే

మా టీమ్ లైనక్స్ సర్వర్‌లో వీడియో ఫైళ్లన్నీ వేరే డిస్క్ మీద ఉంటాయి. ఎడిటింగ్ చేసేవాళ్లు, సబ్‌టైటిల్స్ రాసేవాళ్లు అందరూ అక్కడే పనిచేయాలి. ఇలాంటి చోట "పర్మిషన్ డినైడ్" అని రాగానే చాలామంది 777 (అందరికీ చదివే, రాసే, నడిపే అనుమతి) కొట్టేసి ఊరుకుంటారు. నేను దానికి ఒప్పుకోను. ఆ మెషీన్‌లోని ప్రతి అకౌంట్‌కీ, ప్రతి సర్వీస్‌కీ మన ఫోల్డర్‌లోని ఫైళ్లు తీసేసే హక్కు ఇచ్చినట్టే కదా.

మౌంట్ చేయకముందు, అంటే డిస్క్‌ని ఒక ఫోల్డర్‌కి తగిలించకముందు, ఆ ఖాళీ ఫోల్డర్‌కి ఎన్ని పర్మిషన్లు ఇచ్చినా, డిస్క్ మౌంట్ అయ్యాక అవి మరుగున పడిపోతాయి. ఈఎక్స్‌టీ4 (లైనక్స్ ఫైల్‌సిస్టమ్) పార్టిషన్‌కి తన సొంత రూట్ ఫోల్డర్, అంటే అన్నిటికన్నా పై ఫోల్డర్, ఉంటుంది. కొత్తగా ఫార్మాట్ చేస్తే అది మామూలుగా రూట్ అనే అడ్మిన్ యూజర్ పేరు మీద 755తో (యజమాని మాత్రమే రాయగలిగేలా) వస్తుంది. మార్చాల్సింది దాన్ని. అందుకే ముందు మౌంట్, తర్వాతే సీహెచ్‌జీఆర్‌పీ (గ్రూప్ మార్చే కమాండ్), సీహెచ్‌మోడ్ (పర్మిషన్లు మార్చే కమాండ్). ఆ మార్పు డిస్క్‌లోనే ఉంటుంది కాబట్టి రీబూట్ చేసినా పోదు.

నేను ఇచ్చేది 2775. అందులో 775 అంటే యజమాని, గ్రూప్ రాయగలరు, మిగతావాళ్లు చదవగలరు. ముందున్న ఆ 2 చాలా ముఖ్యం. అది లేకపోతే కొత్త ఫైల్‌కి దాన్ని సృష్టించినవాళ్ల సొంత గ్రూపే పడుతుంది. అది ఉంటే ఫోల్డర్ గ్రూపే వస్తుంది, లోపల కొత్తగా పెట్టే ఫోల్డర్లకూ అదే గుణం అబ్బుతుంది.

అయినా ఒక చిక్కు మిగులుతుంది. యూమాస్క్ (కొత్త ఫైల్‌కి ఏ పర్మిషన్లు తీసేయాలో చెప్పే సెట్టింగ్) 022 ఉన్నవాళ్లు ఫైల్ సేవ్ చేసి ఎల్ఎస్ -ఎల్ (ఫైళ్ల వివరాలు చూపే కమాండ్) కొడితే గ్రూప్ సరిగ్గానే కనిపిస్తుంది, పర్మిషన్ మాత్రం 644 స్థాయిలో ఉంటుంది. పక్కవాళ్లు చదవగలరు, రాయలేరు. 002 పెడితే 664 వస్తుంది. కానీ అందరి యూమాస్క్‌నీ ఎవరు చూస్తూ కూర్చుంటారు? అందుకే సెట్‌ఎఫ్ఏసీఎల్ కమాండ్‌తో ఆ ఫోల్డర్‌కి డిఫాల్ట్ ఏసీఎల్ (లోపల కొత్తగా వచ్చేవాటికి పడే పర్మిషన్ల జాబితా) పెడతాను. అప్పుడు అక్కడ యూమాస్క్ లెక్కలోకే రాదు. ఎంవీ (ఫైళ్లను తరలించే కమాండ్)తో తెచ్చిన ఫైళ్లకు మాత్రం పాత గ్రూప్, పాత పర్మిషన్లే ఉంటాయి, వాటిని విడిగా సరిచేయాలి.

ఎక్స్‌ఫ్యాట్ (పెన్‌డ్రైవ్‌ల వంటివాటిలో వాడే ఫైల్‌సిస్టమ్) డిస్క్ అయితే దారి వేరు. అందులో యజమాని, గ్రూప్ వివరాలు దాచే చోటే లేదు. ఎఫ్‌స్టాబ్‌లో (ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఫైల్‌లో) జీఐడీ (గ్రూప్ నంబర్), యూమాస్క్ ఆప్షన్లు ఇవ్వాలి. అవే ఈఎక్స్‌టీ4 లైన్‌లో రాస్తే మౌంటే అవదు. ఎఫ్‌స్టాబ్ ముట్టుకున్నాక, రీబూట్‌కి ముందే ఆ డిస్క్‌ని అన్‌మౌంట్ చేసి, మౌంట్ -ఏ (ఎఫ్‌స్టాబ్‌లో ఉన్నవాటిని మౌంట్ చేసే కమాండ్) కొట్టి చూడండి.

కొత్తవాళ్లను గ్రూప్‌లో చేర్చేటప్పుడు యూజర్‌మోడ్ (యూజర్ వివరాలు మార్చే కమాండ్)కి -ఏజీ (చిన్న a, పెద్ద G) ఇవ్వండి. పెద్ద -జీ ఒక్కటే ఇస్తే వాళ్లున్న మిగతా అదనపు గ్రూపులు పోతాయి. చేర్చాక లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవమనండి, ఐడీ కమాండ్‌లో గ్రూప్ పేరు కనిపించాకే ఫైళ్లు తెరవమనండి.