బలుసు చెట్టుకు ఫొటో ఎవరు తీస్తారు

ఆదివారం, రాత్రి

పొద్దున ఆరున్నరకే అందరం చెరువు గట్టు మీద ఉన్నాం. రాత్రి ఒక జల్లు పడి ఆగింది కాబట్టి గడ్డపార వేస్తే మట్టి వెంటనే లేస్తోంది. నాటడం అంటే మనవాళ్ళకు జూన్ తొలకరి గుర్తొస్తుంది గానీ, మద్రాసుకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాలదే. అందుకే తమిళుల ఐప్పసి నెల (అక్టోబరు నడుమ మొదలయ్యేది) వస్తే మా గుంపులో హడావుడి మొదలవుతుంది. గుంపు అంటే పెద్దదేం కాదు. చుట్టూ ఉన్న నాలుగైదు అపార్టుమెంట్ల వాళ్ళం, స్కూలు పిల్లలు కొందరు. రిటైరైన బ్యాంకు మేనేజరమ్మ ఒకావిడ అందరినీ అదిలిస్తూ నడిపిస్తారు. మద్రాసు దక్షిణ శివార్లలో మేడవాక్కం దాటాక ఉన్న ఈ చిన్న చెరువు గట్టునీ, దాని వెనక బంజరునీ మళ్ళీ అడవి చేయాలని మా ప్రయత్నం. పార్కు చేద్దామని కాదు, అడవే.

ఈ వారం ఒక కంపెనీ నుంచి వాలంటీర్లు వచ్చారు. అందరికీ ఒకే రంగు టీషర్టులు, మెడలో ఐడీ కార్డులు, వెంట ఒక బ్యానరు. మంచి పిల్లలు, పనికి వెనకాడలేదు. చిక్కల్లా వాళ్ళు వ్యాన్లో తెచ్చిన మొక్కలతోనే వచ్చింది. అన్నీ ఎర్ర తురాయి, పచ్చ తురాయి. నర్సరీల్లో మనిషెత్తు పెరిగి చవకగా దొరికేవి అవే మరి. 2016 డిసెంబరులో వర్ధా తుఫాను వచ్చినప్పుడు ఊరి రోడ్ల మీద అడ్డంగా పడినవాటిలో ఈ రెండు జాతులూ ఎన్ని ఉన్నాయో చూసినవాళ్ళం. గట్టు మీద అవి వద్దని మేనేజరమ్మ మర్యాదగానే చెప్పి, నా వైపు చూశారు. వద్దనడం ఆవిడ వంతు, ఎందుకు వద్దో చెప్పడం నా వంతు.

నేను మా మిద్దె మీద పెంచిన మొక్కల ట్రేలు చూపించాను. బలుసు, కలివి, పరికి, కానరేగు, ఊడుగ, వావిలి, పాల. వాటిలో సగానికి పైగా ముళ్ళవే. పొడవైనదైనా జానెడు మించదు. ఒక అమ్మాయి చాలా సౌమ్యంగా, "ఇవి ఎప్పుడు చెట్లవుతాయి సార్?" అని అడిగింది. కొన్ని ఎప్పటికీ చెట్లు కావు, పొదలుగానే ఉంటాయి అన్నాను. పాల చెట్టయితే చెట్టే అవుతుంది, కాకపోతే దాని పెరుగుదల చాలా నెమ్మది. ఆ అమ్మాయి ముఖం చూస్తే జాలేసింది. ఆఫీసులో చూపించడానికి ఏదైనా కావాలి కదా.

నాకు ఈ మొక్కలు కొత్తవి కావు. నేను పెరిగింది సూళ్ళూరుపేటలో, ఇక్కడికి దాదాపు 100 కిలోమీటర్ల దూరం. వేసవి సెలవుల్లో మేము జేబుల నిండా వేసుకుని తిన్నవి ఈ కలివి పండ్లూ, పరికి పండ్లే. పాల పండ్లు తింటే పెదాలకు బంక అంటుకునేది. అది ఒక ప్రత్యేకమైన అడవి అని అప్పుడు ఎవరూ చెప్పలేదు, చిట్టడవి అనే అనేవాళ్ళం. కోరమాండల్ తీరం వెంబడి సన్నటి పట్టీలా పెరిగే ఈ అడవిని శాస్త్రవేత్తలు ఉష్ణమండల శుష్క సతతహరిత అడవి అంటారు. వాన కురిసేది ఏడాదిలో కొద్ది నెలలే, అయినా ఆకు రాల్చదు. ఆకులు చిన్నగా, తోలులా దళసరిగా ఉండి ఎండను ఓర్చుకుంటాయి. పైకప్పు ఎత్తు మహా అయితే 10, 12 మీటర్లు. ఇప్పుడు ఇది చాలా చోట్ల గుడి కాపాడిన చిన్న చిన్న తోపుల్లోనే మిగిలింది. పెద్ద ముక్క మిగిలింది శ్రీహరికోటలో. రాకెట్ల పుణ్యమా అని లోపలికి ఎవరినీ పోనివ్వరు కాబట్టి ఆ అడవి బతికిపోయింది. మద్రాసు నగరం నడుమ గిండీ నేషనల్ పార్కులోనూ ఉంది గానీ, అది మూడు చదరపు కిలోమీటర్లు కూడా లేదు.

ఇదంతా ఆ పిల్లలకు తమిళం, ఇంగ్లీషు కలిపి చెబుతుంటే వెనకనుంచి తెలుగులో వినబడింది. "ఏం సామీ, ముళ్ళచెట్లు నాటేదానికి కారేసుకుని వస్తిరా?"

మేకల తాత. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో తరతరాలుగా తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలా ఉన్నాయి, ఆయనదీ అలాంటి కుటుంబమే. మొదట్లో ఆయనకూ మాకూ అస్సలు పడేది కాదు. మేము నాటిన మొక్కలు ఆయన మేకలు తినేవి, మా గుంపులో కొందరు పోలీస్ కంప్లైంట్ అన్నారు, ఆయన ఈ గట్టు మీద మా తాత కూడా మేపాడు అన్నాడు. ఆయన మాటే నిజం. మేము వచ్చి ఫ్లాట్లు కొనుక్కోక ముందునుంచీ ఈ నేలకు వాడకందార్లు ఉన్నారు. మేకలవాళ్ళు, కట్టెలు కొట్టుకునే ఆడవాళ్ళు, ఎండాకాలంలో చెరువు ఎండితే క్రికెట్ ఆడే కుర్రాళ్ళు. మా వాట్సాప్ గ్రూపులో 'స్థానిక ప్రజలు' అని రాసుకునేటప్పుడు వీళ్ళలో ఒక్కరూ ఉండరు. నాకు అది మొదటినుంచీ కొరుకుడు పడని విషయం.

కూర్చుని మాట్లాడాక ఒక ఒప్పందం కుదిరింది. తూర్పు కొసన ఆయన మూడేళ్ళు మేపడు. పడమటి కొసన, నీళ్ళకు పోయే దారిలో మేము ఆయనను అడ్డుకోం. "మీరు నన్ను తరమబాకండి, నేను మీ మొక్కల జోలికి రాను" అన్నాడు. రాతకోతలేం లేవు, ఇప్పటిదాకా మాట తప్పలేదు. ఏ మొక్క ఎక్కడ బతుకుతుందో కూడా మాకు ఆయనే చెప్పాడు. వావిలి గట్టు అంచున, నీటికి దగ్గరగా వేయమన్నాడు, వేర్లు మట్టిని పట్టుకుంటాయని. ఇవాళ ఆ అమ్మాయి చేతిలో బలుసు మొక్క చూసి, "బతికుంటే బలుసాకు తినొచ్చు అంటారు, ఆ బలుసు ఇదేనమ్మా" అన్నాడు. ఆ అమ్మాయిది గుంటూరట! ఆ సామెత చిన్నప్పటినుంచీ వింటోంది గానీ మొక్కను చూడటం ఇదే మొదటిసారి అంది. ఆ తర్వాత ఒక్కతే కూర్చుని చాలా బలుసులు నాటింది.

మిగతావాళ్ళకు సర్కారు తుమ్మను తీసే పని అప్పగించాం. మా వైపు చిల్లకంప అంటాం, ఇక్కడ సీమై కరువేలం. 1870ల చివర్లో ఎండు నేలల్లో కూడా పెరుగుతుందని గింజలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటించారట. అక్కడినుంచి ఇప్పుడు ఎక్కడ లేదు గనక! కొమ్మ కొడితే మొదలు నుంచి నాలుగు చిగుళ్ళు వేస్తుంది, వేరు తవ్వి తీయాల్సిందే. మేకలు దాని కాయలు తిని, పేడలో గింజలు చల్లుకుంటూ పోతాయి. అంటే తాత మేకలు ఒక చేత్తో మాకు సాయం, ఇంకో చేత్తో ఎసరు.

అయినా జేసీబీ పెట్టి ఒక్క రోజులో పీకించేద్దాం అనే మాటకు నేను ఒప్పుకోను. బయటినుంచి డబ్బు వచ్చిన ప్రతిసారీ ఈ మాట వస్తుంది. ఉన్న నీడ పోతే జానెడు మొక్కలు మార్చి ఎండకే మాడిపోతాయి. కొంగలు గూళ్ళు కట్టేదీ ఆ తుమ్మల మీదే. అందుకని కొంచెం కొంచెంగా తీస్తున్నాం, కొన్నింటిని కావాలనే వదిలేస్తున్నాం. పికిలిపిట్టలు ఆ కొమ్మల మీద వాలి, తిన్న పండ్ల గింజలు కింద వదులుతాయి. పోయిన ఏడాది మేము వేయని చోట పరికి మొలిచింది, అది వాటి చలవే. కొట్టిన తుమ్మ కంపను తూర్పు కొసకు కంచెగా పేర్చాం. ఇనుప కంచెకు కొటేషన్ తెప్పించిన మేనేజరమ్మ అది చూసి ఆ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టేసుకున్నారు.

తాటి టెంకల సంగతి రాయకపోతే ఇవాళ్టి నవ్వు పోతుంది. పోయిన ఏడాది గట్టు పొడుగునా టెంకలు పాతాం. టెంక మొలిస్తే ముందు మొలక భూమిలోకి దిగుతుంది, తర్వాతే ఆకు పైకి వస్తుంది. కాబట్టి పాతిన చోటే పెరగాలి, పీకి ఇంకోచోట పెడతానంటే కుదరదు. తీరా సంక్రాంతికి వెళ్ళి చూస్తే అంతా గుంటలు. క్రికెట్ కుర్రాళ్ళు తవ్వి తేగలు ఉడకబెట్టుకు తినేశారు. ఇక్కడ పొంగల్‌కు పనంగిళంగు తినడం ఆచారం, వాళ్ళ తప్పేముంది? మా గ్రూపులో రెండు రోజులు గొడవ. ఈసారి మైదానం పక్కన కుర్రాళ్ళ కోసమని విడిగా ఒక పాతర వేశాం, గట్టు మీదివి ముట్టుకోకూడదని షరతు. వాళ్ళ కెప్టెన్ ఇవాళ వచ్చి పాతర లోతు సరిపోదని మమ్మల్ని కోప్పడి, తనే ఇంకొంచెం తవ్వించాడు.

తొమ్మిదింటికి ఎండెక్కింది. టీ, ఇడ్లీ, గ్రూపు ఫొటో. ఫొటోలో వెనక చెరువు వస్తుందా, మొక్కలు వస్తాయా అని చర్చ. మొక్కలు కనబడాలంటే అందరూ కింద కూర్చోవాలి. చివరికి బ్యానరే వచ్చింది.

మధ్యాహ్నం పడుకుందామంటే నిద్ర రాలేదు. ఒక లెక్క బుర్రలో తిరుగుతోంది. 2022లో మొదలైన గ్రీన్ తమిళనాడు మిషన్ రాష్ట్రంలో పచ్చదనాన్ని 33 శాతానికి తేవాలంటోంది. మంచి సంకల్పమే. కానీ ఎన్ని మొక్కలు అనే లెక్క వచ్చినంత సులువుగా ఏ మొక్కలు అనే లెక్క రాదు. అటు తురాయి నాటినా ఒకటే, ఇటు బలుసు నాటినా ఒకటే. మాలాంటి చిన్న గుంపులకు బయటినుంచి ఎవరైనా సాయం చేస్తామంటే, మొక్కలు ఇవ్వకండి, ఎండాకాలంలో వారానికి రెండు ట్యాంకర్ల నీళ్ళు ఇవ్వండి అంటాను. లేదా గింజలు ఏరి, మొలకెత్తించే ఒక మనిషికి జీతం ఇవ్వండి. నర్సరీలో దొరకనివాటిని ఎవరో ఒకరు పెంచాలి కదా. మా మిద్దె మీద ఇక చోటు లేదు, మా ఆవిడ బట్టలారేసే తీగ దాకా వచ్చేశాయి ట్రేలు.

మా చెరువు నిండితే మిగులు నీరు పళ్ళికరణై చిత్తడికి పోతుంది. 2022లో దానికి రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేల అన్న గుర్తింపు వచ్చింది. అక్కడినుంచి ఒక్కియం మడువు మీదుగా బకింగ్‌హాం కాలువ, ఆపైన కోవళం దగ్గర సముద్రం. ఆ కాలువ మా సూళ్ళూరుపేట దగ్గర పులికాట్ సరస్సు వెంబడి పోయేదే. 2015లో, మళ్ళీ 2023లో మిచౌంగ్ తుఫానుకు ఈ దారంతా మునిగింది, మా అపార్టుమెంటు కింద కార్లు తేలాయి. ఆ వరద తర్వాతే మా గుంపులో సగం మంది చేరారు. భయంతో వచ్చినా సరే, వచ్చారు.

రేపటి పని: గట్టు తెగకుండా పడమటి తూము దగ్గర వావిలి వేసుకుంటాం అని నీటిపారుదల ఇంజనీరు గారికి అర్జీ ఇవ్వాలి. నా తమిళం కూరగాయల బేరానికి సరిపోతుంది గానీ అర్జీకి చాలదు. రెండో అంతస్తు మాస్టారు దిద్దిపెడతానన్నారు. అర్జీలో తాత ఒప్పందం సంగతి కూడా రాయమని మేనేజరమ్మ అన్నారు, మేకల పేరెత్తితే ఆఫీసులో కొర్రీ వేస్తారేమోనని మాస్టారు అంటున్నారు. రాయాలనే నా ఓటు.